నాన్న తాగని గిన్నె

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి, మంచం మీద నడుం వాల్చి ఫోను చూస్తూ ఉంటే, మా రిటైర్డ్ టీచర్ల గ్రూపులో ఎవరో అమెరికా చర్చి వీడియో ఒకటి పెట్టారు. అక్కడ ఎన్నికలట. పోటీ చేస్తున్న పెద్దమనిషిని ఆల్టరు ముందు నిలబెట్టి, చుట్టూ జనం ఆయన భుజాల మీద చేతులు వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. కింద మావాళ్లంతా ఆమెన్లు పెట్టేశారు. నేను మాత్రం వీడియో ఆపి, వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, వరుస వరుసా మొహాలు వెతికాను. అంత పెద్ద గుడిలో ఒక్క నల్లవాళ్ల మొహమూ కనిపించలేదు. ఈ వెతుకులాట నాకెందుకు అలవాటయిందో చెప్పాలంటే మా దొరసానమ్మ గురించీ, మా నాన్న గురించీ చెప్పాలి. ఇద్దరూ పోయారు. చెప్పినందుకు కోప్పడేవాళ్లు కూడా ఇప్పుడు నాకు లేరు.

మాది ద్రాక్షారామానికి నాలుగు మైళ్ల అవతల కాలవ గట్టున ఓ చిన్న ఊరు. ఊరికి దూరంగా రెండు పేటలు, రెండు కులాలు, మధ్యన నీళ్లు పారే చిన్న బోదె. ఊళ్లో పెద్దల దృష్టిలో ఇద్దరం ఒకటే, వాళ్ల అరుగు ఎవరమూ ఎక్కకూడదు, వాళ్ల గ్లాసు ఎవరమూ ముట్టకూడదు. అయినా మాలో మాకు మళ్లీ ఎక్కువ తక్కువలు, వాటిని ఊరివాళ్ల కంటే మేమే గట్టిగా పట్టుకున్నాం. అమెరికా మిషను వాళ్లు కట్టించిన పెంకుటి గుడి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఒక్కటి అనడమే గానీ, మేము కుడి గుమ్మంలోంచి వచ్చి కుడివైపు చాపల మీద, వాళ్లు ఎడమ గుమ్మంలోంచి వచ్చి ఎడమవైపు చాపల మీద కూర్చునేవాళ్లం. ఇది చదువుతున్న మన వయసు వాళ్లలో అలాంటి చాపల మీద పెరిగినవాళ్లు చాలామందే ఉంటారు. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీ గుడిలో అలా లేదా?

మా నాన్న మిషను బడిలో పంతులు, గుడిలో ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకోసారే వచ్చేవారు కనుక మిగతా ఆదివారాలు ప్రార్థన జరిపించేది నాన్నే. గంట కొట్టేది మాత్రం అవతలి పేట ఆయన, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. నేను ఆయన్ని గంట బాబాయి అని పిలిచేదాన్ని. ఇద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నారు, ఒకే కాలవలో ఈత నేర్చుకున్నారు, సాయంత్రం గుడి మెట్ల మీద కబుర్లలో పడితే అమ్మ నన్ను పంపించి పిలిపించేదాకా లేచేవారు కాదు. అంత స్నేహంలోనూ నాన్న బాబాయి ఇంట మంచినీళ్లు పుచ్చుకోగా నేను చూడలేదు, బాబాయి ఇవ్వబోగానూ చూడలేదు.

అయ్యగారు వచ్చిన ఆదివారం, క్రీస్తు కడరాత్రి విందు గుర్తుగా, ప్రభురాత్రి భోజనం ఉండేది. ద్రాక్షారసానికి వెండి గిన్నె ఒక్కటే. ముందు మా పేటవాళ్లు మోకరించి పుచ్చుకోవాలి, ఆ తర్వాతే వాళ్లు. నాన్న అయ్యగారి పక్కన తెల్ల తువ్వాలు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరు తాగాక గిన్నె అంచు తుడిచేవారు. ఈ వరుస ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

అడిగింది దొరసానమ్మ. ఆవిడ రాజమండ్రిలో ఆడపిల్లల బోర్డింగు చూసుకునేవారు, అమెరికా దక్షిణాదినుంచి వచ్చిన మనిషి. ఒకసారి మా ఊరు వచ్చి, ఆరాధనలో వెనక కూర్చుని అంతా చూసి, బయటికి రాగానే నాన్నను నిలదీశారు. నాన్న చేతులు కట్టుకుని, "వాళ్లకీ అదే ఇష్టమండి. ఎవరి చోట వాళ్లుంటేనే వాళ్లకీ సుఖమండి" అన్నారు. పక్కనే బాబాయి గంట తాడు చుట్టి మేకుకు తగిలిస్తున్నారు.

మరుసటి నెల అయ్యగారు, దొరసానమ్మ పట్టుదల మీద, ఈసారి ఎడమవైపు వాళ్లు ముందు రావాలని ప్రకటించారు. వాళ్లు బెదురుతూ వచ్చి మోకరించారు, పుచ్చుకున్నారు. చివరిగా తాగింది గంట బాబాయి. అయ్యగారు గిన్నె పట్టుకుని కుడివైపు తిరిగారు. ఒక్కరూ లేవలేదు. అందరూ నాన్న వైపు చూశారు, ఉపదేశి కదా, ఆయన తాగితే నలుగురైనా లేస్తారు. అయ్యగారు గిన్నెను నాన్న ముందుకు చాపారు. బాబాయి ఇంకా మోకాళ్ల మీదే ఉండి చూస్తున్నారు. నాన్న చేతిలో తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, నేల చూపులు చూస్తూ నిలబడిపోయారు. ఎంతసేపటికీ కదలకపోతే, మిగిలిన రసం అయ్యగారే తాగేశారు. నాకు పదేళ్లు. మా నాన్న పిరికివాడని నాకు తెలిసింది ఆ రోజే.

తరువాతి ఆదివారం గంట మోగలేదు. బోదె అవతల ఒక తాటాకు పాక లేచింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో రెండు పేటలూ కలిసి ఒకే మనిషిని ప్రెసిడెంటుగా నిలబెట్టాలని నాన్నా బాబాయీ అంతకుముందే గుడి మెట్ల మీద మాట్లాడుకుంటూ ఉండేవారు. కలిస్తే గెలిచేవాళ్లమే. ఊళ్లో ఆసామి, అప్పటి ప్రెసిడెంటు, పాక సంగతి విని తానే కదిలి వచ్చి, "ఎవరి గుడి వాళ్లకుంటే తగువే ఉండదు కదరా" అని వాళ్లకు గట్టు మీద స్థలం రాసిచ్చాడు, మా గుడికి సున్నం కొట్టించాడు. ఇరుపక్కలా ఆయన్ని మహానుభావుడన్నారు. ఓట్ల రోజుకి మా పేటలో ఒకడూ, వాళ్ల పేటలో ఒకడూ నిలబడ్డారు. ఆసామి నడిరోడ్డు మీద పూలదండతో ఊరేగాడు, మేమూ చప్పట్లు కొట్టాం. ఆయన తర్వాత ఆయన కొడుకూ అలాగే గెలిచాడు.

నేను రాజమండ్రి బోర్డింగులో చేరాక దొరసానమ్మను దేవతలా చూసేదాన్ని. నాన్న మీద కోపాన్నంతా ఆవిడ మీద ప్రేమగా మార్చుకున్నానేమో. శనివారాలు ఆవిడ గది తుడిచే పని అడిగి మరీ తీసుకున్నాను. ఒక శనివారం బల్ల మీద ఫోటోల పుస్తకం తెరిచి ఉంది. వాళ్ల ఊరి గుడి, తెల్లగా, పొడవాటి మెట్లు, మెట్ల నిండా టోపీలు పెట్టుకున్న దొరలూ దొరసానులూ. మీ దేశంలో నల్లవాళ్లు కూడా ఉంటారటగా, వాళ్లెక్కడ కూర్చుంటారండి అని అడిగాను, ఊరికే, తెలుసుకుందామని. ఆవిడ వెంటనే, "వారికి వేరే మందిరము కలదు. వారికిని అదియే ఇష్టము" అన్నారు, ఆవిడ తెలుగు ఎప్పుడూ బైబిలు తెలుగే. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, మా నాన్న కూడా మీతో ఇదే మాట అన్నారండి అన్నాను. పొగరు కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయారు. నన్ను బోర్డింగు నుంచి తీసేస్తారని వారం రోజులు అన్నం సహించలేదు.

వారం తర్వాత పిలిచి, వేపచెట్టు కింద తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఒక ఆదివారం వాళ్ల గుడికి నల్లవాళ్ల కుటుంబం ఒకటి ఆరాధనకు వచ్చిందట. లోపలికి రానీకుండా మెట్ల మీద అడ్డంగా నిలబడ్డ మగవాళ్లలో వాళ్ల నాన్న ఒకరట. ఆ ఊరి జడ్జీ, మేయరూ అంతా ఆ గుడివాళ్లే, ఆదివారం పాస్టరు ఎవరి పేరు ఎత్తి ప్రార్థిస్తే గెలిచేది ఆయనే, నల్లవాళ్లను ఓటు వెయ్యనివ్వకపోవడం పాపమని ఆ గుడిలో ఏనాడూ ఎవరూ అనలేదట. ఆవిడ లోపల పియానో దగ్గర కూర్చుని, కిటికీలోంచి అంతా చూస్తూ, పాట ఆపకుండా వాయించారట. చివరికి, "నా తండ్రితో అనలేని మాటను సముద్రము దాటి వచ్చి నీ తండ్రితో అంటిని" అని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ వేసవికి ఇంటికి వెళ్లినప్పుడు, చాలా ఏళ్ల తర్వాత, నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

ఏళ్లు గడిచాయి. నేను జంగారెడ్డిగూడెంలో టీచరుగా ఉండగా నాన్నకు జబ్బు ముదిరిందని కబురొస్తే సెలవు పెట్టి వచ్చాను. మాట సన్నగిల్లిపోయింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని, "అయ్యగార్ని పిలిపించి ప్రభురాత్రి భోజనం ఇప్పించమ్మా. మీ గంట బాబాయిని కూడా తీసుకురా. ముందు వాడు తాగాలి, ఆ గిన్నెతోనే నాకు పట్టాలి" అన్నారు. బాబాయి ఇల్లు బోదె దాటితే మూడో ఇల్లు. చెప్పులు వేసుకుంటే సరిపోయేది.

కానీ అప్పుడు పంచాయతీ ఎన్నికలు. మా అన్నయ్య మా పేట తరఫున నిలబడ్డాడు, అవతలి పేట ఇంకో పార్టీతో ఉంది. బాబాయి మన గుమ్మం తొక్కితే, ఆయన్ని మనం కొనేశామని వాళ్ల పేటలో అనుమానిస్తారు, మన పేటలో మనవాళ్లు గిన్నె సంగతి తెలిసి ఓట్లు మార్చేస్తారు, నాలుగు రోజులు ఆగవే, ఎలక్షను అయ్యాక నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను అన్నాడు అన్నయ్య. నాకూ అది సబబుగానే తోచింది. అంత చదివి, అంత విని, దొరసానమ్మ కన్నీళ్లు చూసి కూడా, సబబుగానే తోచింది. నాన్న రెండుసార్లు గుమ్మం వైపు చూసి వాడొచ్చాడా అని అడిగారు. వస్తున్నారని అబద్ధం చెప్పాను.

ఓట్లకు రెండు రోజుల ముందు పోయారు. అన్నయ్య ఓడిపోయాడు, అది వేరే కథ. నాన్నను మోసుకెళ్తుంటే మా గుడి గంట మోగింది. కాసేపటికి బోదె అవతలి గుడి గంట కూడా మోగడం మొదలుపెట్టింది. బాబాయి కొట్టే తీరు నాకు తెలుసు, ఒకటి కొట్టి ఆగి, రెండు వెంట వెంటనే. గొయ్యి పూడ్చేదాకా ఆపలేదు.

బాబాయి ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. సెలవులకు వెళ్లినప్పుడల్లా గట్టు మీద ఎదురయ్యేవారు, బాగున్నావా అమ్మా అని అడిగేవారు, నేను బాగున్నానండి అనేదాన్ని. నాన్న మిమ్మల్ని అడిగారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. చెబితే, మరి ఎందుకు పిలవలేదమ్మా అని అడుగుతారేమోనని భయం. ఆయనా పోయారు.

రిటైరయ్యాక మళ్లీ ఊరు చేరాను. ఇప్పుడు మా ఊళ్లో రెండు గుళ్లకూ ఏసీలు, రెండింటికీ మైకులు. ఎన్నికలొస్తే ఒకే అభ్యర్థి పొద్దున ఒక గుళ్లో, పదకొండింటికి ఇంకో గుళ్లో మోకరిస్తున్నాడు, రెండు చోట్లా ఆయన తల మీద చేతులు పెడుతున్నారు. వెండి గిన్నె అద్దాల బీరువాలో ఉంది. అందరికీ చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి, ఎవరిది వాళ్లకే, తాగి చెత్తబుట్టలో వేసేయడమే. శుభ్రం అంటారు, నిజమే కాబోలు. ఒకరి తర్వాత ఒకరు తాగే అవసరమే లేకుండా పోయింది. నెలనెలా ఆ గ్లాసు నా చేతికి వస్తుంది, నేను తాగుతాను, బోదె అవతల గంట మోగుతుంది. నాన్న తనను తీసుకురమ్మన్నారని తెలియకుండానే అంతసేపు గంట కొట్టిన మనిషి గుర్తొచ్చి, నాకు ప్రార్థన ముందుకు సాగదు.