చివరి పాట వినని మలాకీ

మలాకీ గెరటీ ఏ కచేరీనీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఎనిస్ పట్టణంలో ఏటా జరిగే పెద్ద వాద్యబృందం కచేరీకి మా ఊళ్లో అందరికంటే ముందు టికెట్టు కొనేది అతనే, అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేదీ అతనే. ఫిడేళ్లు, వేణువులు, తిత్తివాద్యాలు కలిసి ఆఖరి నాట్యానికి ఎత్తుకోగానే ఇతను టోపీ ఎత్తుకునేవాడు.

"కాస్త కాళ్లు తీస్తావా, కాన్సెప్టా?"

"తీసి ఎక్కడ పెట్టుకోమంటావు, చంకలోనా?" అనేది మా పక్కింటి కాన్సెప్టా.

మేం బయటికొచ్చేసరికి బస్సులో డ్రైవరు వెనక కిటికీ పక్కన దర్జాగా కూర్చుని ఉండేవాడు. ఆ సీటు కోసమే పరుగెత్తాడని ఊరంతా నమ్మింది. "సీటు దొరుకుతుందంటే స్వర్గంలోంచైనా లేచొచ్చేస్తాడు" అనేది కాన్సెప్టా. అందుకే కచేరీలోనూ, బస్సులోనూ అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కొండ మీది ఇంట్లోనూ ఒక్కడే. మాంసం కొట్లో ఒకే ఒక్క ముక్క కొట్టించుకుని, పొట్లం చేతికొచ్చినా కదలక, వాన గురించీ కొట్టువాడి మోకాలి గురించీ మాట్లాడుతూ నిలబడేవాడు.

పోయినేడు ఆఖరి నాట్యంలో ఓర్లా ఆడాల్సి ఉంది. మలాకీ తమ్ముడి మనవరాలు. అతనికి మిగిలిన చుట్టం ఆ పిల్ల ఒక్కతే. ఈసారైనా ఉంటాడనుకున్నాం. ఆ పిల్ల ఇంకా వేదిక మీదికి రాకముందే లేచాడు. నాకు ఒళ్లు మండి వెంటపడ్డాను.

బయట సన్నగా వాన. బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు వేసి మలాకీ జేబులు తడుముకుంటున్నాడు.

"పాసు ఇక్కడే పెట్టాను బాబూ. అన్నట్టు, మీ అమ్మగారి నడుం ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఎక్కండి, టైమైపోయింది. ఊరికి ఇదే ఆఖరి బస్సు" అన్నాడు డ్రైవరు.

"అందుకేగా వెతుకుతున్నాను. ఏ నూనె రాస్తోంది?"

పాసు అతని టోపీ పట్టీలోంచి తొంగిచూస్తూనే ఉంది. కచేరీ ఏటా బస్సు వేళ దాటిపోయేది. బస్సు మాత్రం ఏటా మా కోసం ఉండేది. ఎందుకుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

"మాతో ఒక ముక్క చెప్పొచ్చుగా" అన్నాను, డ్రైవరుకి వినపడకుండా.

"చెబితే అందరూ గడియారం చూస్తూ కూర్చుంటారు, ఒనోరా. ఇంక పాటేం వింటారు?"

"లోపలికి పో. బస్సు సంగతి నేను చూసుకుంటా."

"నీకు అబద్ధాలు రావు."

"నడుం నొప్పికి అబద్ధాలెందుకు? నాకు నిజంగానే ఉంది. పో."

ఆ వయసులో పరుగెత్తాడు. నేను మెట్టు మీద కాలు వేసి, నా నడుం చరిత్ర మొదటి కాన్పు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేశాడు.

జనమంతా వచ్చి ఎక్కారు. అందరికంటే వెనక మలాకీ వచ్చాడు. కాన్సెప్టా పక్కన తప్ప చోటు లేదు. ఆమె సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మొదలుపెట్టాడు. ఓర్లా ఎలా వచ్చింది, చెక్క వేదిక మీద ఆ పిల్ల కాళ్లు ఎలా మోగాయి, ఫిడేళ్లన్నీ ఆగి ఆ కాళ్లకే ఎలా చోటిచ్చాయి, అంతా మోకాళ్ల మీద దరువేస్తూ చెబుతున్నాడు.

"మేమూ అక్కడే ఉన్నాం, మలాకీ" అంది కాన్సెప్టా.

"ఉన్నారు. సరిగ్గా చూశారా అని."

ఊరొచ్చేదాకా ఆపలేదు. ఆ ముగింపు చూడనిదాన్ని బస్సు మొత్తంలో నేనొక్కదాన్నే. అతను ఊపిరి కోసం ఆగినప్పుడల్లా, "తర్వాత?" అని అడుగుతూ వచ్చాను.