మా మెట్ల మీద సిల్క్ రూట్

పట్టును చెట్ల ఆకుల మీద నుంచి దువ్వి తీస్తారని పూర్వం రోమ్ వాళ్ళు నమ్మారట. రోమ్ వర్తకులంతా నిజాయితీపరులని చైనా వాళ్ళు రాసుకున్నారట. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. మధ్యలో సరుకు మోసినవాళ్ళకు అన్నీ తెలుసు, కానీ చెబితే బేరం పోతుంది. గ్రూప్స్ కోసం ఈ పాఠం చదువుతూ తెగ నవ్వాను. నవ్వే అర్హత నాకెక్కడిది?

నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ చిక్కడపల్లిలో ఒక ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఓనర్ దంపతులు. ఆంటీ ముందే షరతు పెట్టింది: "వండుకునేటోళ్ళకే ఇస్త. పార్సిళ్ళు తెచ్చుకుంటే బొద్దింకలు వస్తయి." వండుకుంటామన్నాం. మాకు అన్నం వండటం తప్ప ఇంకేమీ రాదు. పరీక్ష దగ్గర పడుతోంది. ఇప్పుడు గది పోతే చదువు అటకెక్కినట్టే.

పగలంతా మేం లైబ్రరీలోనే ఉండటంతో ఆంటీతో మాటలు తక్కువ. అప్పుడప్పుడు సాయంత్రం వచ్చేసరికి మా మెట్ల మీద మూతపెట్టిన గిన్నెలో పప్పు ఉండేది. గిన్నె ఖాళీగా తిరిగిస్తే ఏం మర్యాద? అశోక్ నగర్ కర్రీ పాయింట్‌లో వంకాయ కూర కొని, కవర్ మాయం చేసి, ఆ గిన్నెలో పోసి అక్కడే పెట్టేవాళ్ళం. "మంచిగ వండిన్రు బిడ్డా" అని మర్నాడు కింద నుంచి మెచ్చుకునేది. ఆంటీ పప్పు ముందు కర్రీ పాయింట్ పప్పు దిగదుడుపేనని మేమూ తీర్మానించాం.

ఒక ఆదివారం కర్రీ పాయింట్‌లో వంకాయ కూర కట్టించుకుంటున్నాం. పక్క నుంచి ఒక స్టీలు డబ్బా ముందుకొచ్చింది. "ఎప్పటి లెక్కనే పప్పు పెట్టు" అంది వెనకున్న గొంతు. చూస్తే ఆంటీ. ఇక గది పోయినట్టే అనుకున్నాను. షాపు అన్న మాత్రం తలెత్తకుండా పప్పు పోస్తున్నాడు. ఎన్నాళ్ళుగా తెలుసో ఆ మహానుభావుడికి.

ఆంటీ మా కవర్ చూసింది. మేం ఆవిడ డబ్బా చూశాం.

"ఇన్నేండ్లు వండిన. ఇగ నాతోని కాదు" అంది చివరికి. "గది గురించి పరేషాన్ కాకుండ్రి, పరీక్ష అయ్యేదాంక ఉండుండ్రి. మా సార్‌కు మాత్రం చెప్పకుండ్రి."

"అంకుల్‌కు తెల్వదా ఆంటీ?" అంది నా రూమ్మేట్.

"ఏం తెలుస్తది? మొన్న మీ వంకాయ కూర తిని, గా పిల్లల దగ్గర జర నేర్చుకో అన్నడు నన్ను."