ఆయన ఒప్పుకున్న అలవాటు

"గుట్కా, జర్దా, సిగరెట్, ఏమన్నా అలవాటుందా?" అని డాక్టరమ్మ అడిగింది. మా ఆయన లేదన్నారు. ఆమె కాగితం మీద 'లేదు' అని రాసుకుంది. మొదటిసారి నేను దాని గురించి ఏమీ అనుకోలేదు.

గడ్డం గీసుకుంటుంటే చెవి కింద, మెడ పక్కన గట్టిగా ఒక గడ్డ ఆయన చేతికి తగిలింది. సూది గుచ్చి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. అయితే అది అక్కడ పుట్టింది కాదట, వేరే ఎక్కడో మొదలై మెడలోకి వచ్చి కూర్చుందట. ఆ మొదలు దొరికితేనే కరెంటు, అదే రేడియేషన్, ఎక్కడ పెట్టాలో, ఎంత మేర పెట్టాలో తేలుతుంది. నోరంతా వెతికారు, ముక్కులోంచి కెమెరా దించారు, ఒళ్ళంతా స్కాన్ తీశారు. ఎక్కడా దొరకలేదు.

దొరకని కొద్దీ అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవారు. ఆయనదీ అదే జవాబు. మూడోసారి నేను ఆయన ముఖం వంక చూశాను.

నేను నాంపల్లిలో సర్కారు బడి పంతులమ్మను. హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లలతో నిజం కక్కించడంలో నాకు మంచి పేరుంది. ఆయన ఆబిడ్స్‌లో ఒక బట్టల షోరూంలో సేల్స్‌మన్. గిరాకీలకు దగ్గరగా నిలబడి మాట్లాడాలి కాబట్టి జేబులో ఎప్పుడూ లవంగాలు ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఆ వాసన నాకెంత ఇష్టమో! ఇప్పుడేమో ఆ లవంగాలు దేన్ని కప్పిపుచ్చడానికా అని అనుమానం పట్టుకుంది. జేబులు తిరగేశాను. షోరూం పక్కనున్న పాన్ డబ్బా అతన్ని నిలదీశాను. "సార్ గీడ ఒక్క సాదా పాన్ గూడ తినలె మేడం," అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను.

నెల రోజులు ఆయన్ను సతాయించాను. అన్నం దగ్గర కూడా వదల్లేదు. "నిజం చెప్పుండ్రి, నేనేమన. చెప్తే డాక్టర్లకు జల్ది దొర్కుతది కద." ఒక ఆదివారం పొద్దున ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఔ, తిన్న. షాపుల ఉన్నప్పుడు తింటుంటి. ఇగ ఊకో," అన్నారు.

కోపం రావాలి కదా. రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. డాక్టర్లకు దొరకనిది నాకు దొరికింది. నేనే డాక్టరమ్మకు చెప్పి, కాగితం మీద 'లేదు' కొట్టేయించాను. ఆయన అక్కకు, మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. పక్కింటివాళ్ళకూ చెప్పాను. ఎందుకొచ్చిందని అడిగినవాళ్ళకు ఇక నా దగ్గర జవాబు ఉంది.

తర్వాత మత్తు ఇచ్చి నాలుగైదు చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. దొరికింది. ముక్కు వెనకాల, లోపలెక్కడో, కెమెరాకు కూడా కనబడనంత చిన్నది. "ఇది గుట్కాతో వచ్చే రకం కాదమ్మా," అంది డాక్టరమ్మ. "దీనికి ఒక వైరస్‌తో సంబంధం ఉంటది. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకుతది, ఏం కాదు. ఎవరో ఒకరికి ఇట్లయితది. ఎవరి తప్పూ లేదు." నా మాట వల్ల ఆలస్యమేమైనా అయిందా అని అడిగాను. కాలేదంది. అదొక్కటే నాకు దక్కిన ఊరట.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆయన్ను అడిగాను. "మరి తిన్ననని ఎందుకు చెప్పిన్రు?"

"ఎవలదో ఒకలది తప్పు దొర్కాలె నీకు. లేకుంటె నువ్వు ఆగుతలెవ్," అన్నారు. "నా మీదేస్కుంటె నాకేం పొయ్యింది?"

దెప్పిపొడుపుగా కాదు, గిరాకీకి ఇంకో రంగు చూపించినంత మామూలుగా అన్నారు. నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఆటో వస్తే ఆయనే నా చెయ్యి పట్టి ఎక్కించారు.

కరెంటు పెట్టారు, మందు ఎక్కించారు. గడ్డ కరిగింది. ఏడాది తిరక్కుండానే జబ్బు ఎముకల్లో తేలింది. ఆ ఏడాదంతా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆయన తినలేదు, నేనే నమ్మలేదు అని చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను. నా తప్పు నేను చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆయన వెళ్ళిపోయారు.

పదో దినం నాడు ఆయన అక్క తన మనవళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని ఆయన ఫోటో చూపిస్తోంది. "సూడుండ్రి, గుట్కా తింటే ఈ తాత లెక్క అయితది." పిల్లలు ఫోటో వంక భయంగా చూస్తున్నారు.

"వదినా, ఆయన ఎన్నడు తినలె," అన్నాను. ఇల్లంతా వినబడేట్టు అన్నాను.

ఆమె జాలిగా నా చెయ్యి నిమిరింది. "పోయినోని మీద మాట పడనియ్యవ్, నాకెర్కే. గని నువ్వే కద చెప్పినవ్."