కడిగిన ప్రోబ్

మా ఆఫీసు ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణం పైన ఉంటుంది. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటర్లు పెట్టి, ఆ అంకె రైతు ఫోన్‌లో కనపడేలా చేయడం మా పని. చెరువు గట్టు మీది పెట్టె పంపే సందేశాన్ని సర్వర్‌లో చదివే ప్రోగ్రాం నేనే రాశాను. నేనే రాశానని పదిమందికి చెప్పుకున్నాను కూడా.

నెట్‌వర్క్ నుంచి వచ్చినదాన్ని అందించమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడానికి రెండు మూడు ఆదేశాలున్నాయి. నేను రీడ్ వాడాను, అదీ ఒక్కసారే. అడిగినంతా ఇస్తానని రీడ్ మాట ఇవ్వదు, అప్పటికి ఎంత వస్తే అంతే చేతిలో పెడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. పెట్టెను నా బల్ల మీదే పెట్టుకుని పరీక్షించాను, సందేశం ఒక్కసారీ తెగలేదు, ఇక చాలనుకున్నాను.

మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె అప్పుడే మా దగ్గర చేరింది. నా కోడ్ చదివి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"సార్, ఒక్క రీడ్‌లో మొత్తం రావాలని లేదు కదండీ. దాని బదులు రిసీవ్ పెట్టి, మొత్తం వచ్చేదాకా ఆగమనే ఫ్లాగ్ ఇద్దామా? చెరువుల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రమండి."

"పుస్తకాల్లో రాసినవన్నీ ఇక్కడ జరగవులేమ్మా," అన్నాను. పక్క సీట్ల వాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సందేశం సగమే అందితే నా ప్రోగ్రాం దాన్ని చెత్తగా లెక్కగట్టి పారేసేది. ఫోన్‌లో పాత అంకే నిలిచి ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేశారు. ఏళ్ల తరబడి నీటి రంగు చూసి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పిన మనిషి. మీటరు బిగించిన రోజున, ఇక నీళ్లు చూసి ఊహించక్కర్లేదు, ఫోన్ చూస్తే చాలని ఆయనకు చెప్పింది నేనే.

"బాబు గారూ, ఫోన్‌లో ఐదు చూపిస్తుందని ఏరియేటర్లు ఆపేశానండి. రొయ్యలేమో గాలి అందనట్టు పైకి తేలి గట్టెంబడి తిరుగుతున్నాయి. మళ్లీ వెయ్యమంటారా?"

ఆ మాట నన్నడగడానికి నేనెవరిని?

"అంకె బాగానే ఉంది కదండీ, కంగారు పడకండి. నీళ్లలో ఉండే మీటరు కొనకి, అదే ప్రోబ్‌కి, నాచు పట్టిందేమో, ముందు కడిగి చూడండి," అన్నాను.

ఆయన ఛాతీ లోతు నీళ్లలోకి దిగి, టూత్‌బ్రష్‌తో ప్రోబ్‌ను రుద్ది రుద్ది కడిగారట. ఆ కడగడం అయ్యేసరికే రొయ్యలు చచ్చి తేలడం మొదలైందట.

మేమిద్దరం ఆ చెరువుకు బయలుదేరే ముందే ఆ అమ్మాయి, సర్వర్‌కు వచ్చినవన్నీ నమోదయ్యే లాగ్ తెరిచి చూపించింది. ముందు రాత్రి నుంచి వచ్చిన సందేశాలన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, ఫోన్‌లోని ఐదు సాయంత్రం నాటి అంకె. ఇద్దరం చూశాం.

మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. చచ్చిన రొయ్యలను వలతో గట్టుకు లాగుతున్నారు. ఆయన లుంగీకే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చారు.

"తప్పు నాదేనండి. ప్రోబ్ శుభ్రంగా ఉంచుకోలేదు. మిమ్మల్ని ఇంతదూరం రప్పించాను."

నిజం చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగా ఉంది. అయినా నేనన్నది, "పర్వాలేదండీ." నేను ఆయన్ను క్షమించాను. ఆ అమ్మాయి ముఖం తిప్పి చెరువు వైపు చూసింది.

ఆ సాయంత్రమే రీడ్ తీసేసి, ఆమె చెప్పిన రిసీవ్ పెట్టాను. ఒక్క వరుస మార్పు. ఎందుకు మార్చానో రాయాల్సిన చోట "చిన్న సవరణ" అని రాశాను. ఆమె అది చదివింది. మర్నాడు కూడా ఎప్పటిలాగే సార్ అనే పిలిచింది.

అప్పటినుంచి అంకె సరిగ్గానే వస్తోంది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే చెరువులోకి దిగి ప్రోబ్ కడిగి, ఫొటో తీసి నాకు పంపుతారు. "కడుగుతున్నాను కదండీ, ఇప్పుడు బాగా చూపిస్తుంది" అని కింద రాస్తారు. నేను బొటనవేలు బొమ్మ పెడతాను. ఈరోజూ పెట్టాను.