మీగడలో లవంగాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జ్వరానికి కూడా సాక్ష్యం అడిగేవారు. పామర్రులో ఆరో తరగతి చదువుతున్న రోజులవి. ఒక సోమవారం పదకొండింటికి బళ్ళో చలి పట్టుకుంటే ఇంటికి పంపించేశారు. మధ్యాహ్నమంతా ఒళ్ళు కాలిపోయి, సాయంత్రానికి చెమటలు పోసి చల్లబడింది. మంగళవారం హాయిగా గెంతాను. బుధవారం మళ్ళీ అదే వేళకు వణుకు. ఆ రెండు రోజులూ లెక్కల పరీక్షలు కావడం నా ఖర్మ.

మా నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి జ్వరం ఉండేది కాదు. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, దొంగజ్వరం అని తేల్చేశారు. అమ్మ చెప్పినా, కూతుర్ని వెనకేసుకొస్తోందన్నారు. నేను వాదించాను. అప్పటికే నోరు పెద్దదని పేరున్నదాన్ని, ఎంత వాదిస్తే అంత అబద్ధంలా వినిపించింది. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. తిట్టినా బాగుండేది.

గురువారం అమ్మ, జ్వరం పోయిందనుకుని తలకు పోసి, బీరకాయ కూరతో పథ్యం పెట్టింది. ఆ సాయంత్రం పక్కింటి అక్క వచ్చింది. విజయవాడ హాస్టల్లో ఉండి సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదువుతూ, సెలవులకు వచ్చిన మనిషి. ఏ రోజుల్లో, ఎన్నింటికి వచ్చిందని మాత్రం నన్నడిగి, నాన్న వైపు తిరిగింది.

"రేపు పదకొండింటికి మళ్ళీ వస్తుంది బాబాయ్ గారూ. సెలవు పెట్టి చూడండి."

"జ్వరానికి టైంటేబులు కూడానా అమ్మా?"

"ఉంటుందండి. మన బస్సులకంటే నయం."

వంటింట్లోంచి చల్లారిన పాలగిన్నె, గుప్పెడు లవంగాలు తెచ్చింది. దళసరి మీగడలో లవంగాలు ఒక్కొక్కటే గుచ్చింది. ఆ మీగడ వెన్నకని దాచానే తల్లీ, అని అమ్మ గొణిగింది. అక్క గిన్నెను కొద్దిగా వంచింది. ఒక్క లవంగమూ కదల్లేదు.

నాది మలేరియా అయ్యుంటుందని, ఆ క్రిమి ఒంటి మీద కూడా ఇలాగే ఉంటుందని చెప్పింది. ఆ క్రిమి అంతా కలిపి ఒకే ఒక్క కణం. దాని పైపొర ఈ మీగడలాగా కొవ్వుతో చేసినది. ఆ పొర మీద నిలబడే ప్రోటీన్లలో చాలావాటికి కొవ్వు తోక ఉంటుంది. తోక పొరలో దిగబడి ఉంటుంది, తల బయటికి ఉంటుంది. ఆ తలలతోనే క్రిమి ఎర్రకణాన్ని పట్టుకుంటుంది. లోపలికి దూరేటప్పుడు వాటిలో చాలావాటిని గుమ్మం బయటే వదిలేస్తుంది. ఇక మన ఒంటి కాపలావాళ్ళకు అది ఎదురుపడదు. లోపల రెండు రోజులు కూర్చుని పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలన్నీ ఒక్కసారి కణాన్ని పగలగొట్టుకుని బయటపడినప్పుడు చలి, జ్వరం. మధ్య రోజున మనిషి బాగానే ఉంటాడు, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఆ జ్వరం రేపడంలో కొవ్వు తోకలకూ పాత్ర ఉందని తర్వాత కాలేజీలో నేనే చదువుకున్నాను.

శుక్రవారం నాన్న నిజంగానే సెలవు పెట్టి, గడియారానికి ఎదురుగా కూర్చున్నారు. పదిన్నరైంది. ఒళ్ళు చల్లగానే ఉంది. జ్వరం రావాలని ఆ పూట నేను మొక్కని దేవుడు లేడు. పదకొండూ పది దాటాక పళ్ళు టకటకలాడటం మొదలైంది. ఎర్రటి ఎండలో రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఆ వణుకులోనే నాన్న ముఖం చూశాను. ఆయన చెయ్యి నా నుదుటి మీద వేసి, ఈసారి తియ్యలేదు.

అక్కను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం తీసి చూస్తే మలేరియానే. క్షమించమనే మాట ఆ రోజుల్లో తండ్రుల నోట పలికేది కాదు. చేదు మాత్రలు అయిపోయేదాకా రోజూ తనే నా చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడ్డారు.

ఇప్పుడు విజయవాడలో కోచింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పరీక్ష పొద్దున కడుపునొప్పి అంటూ వచ్చే పిల్లల్ని చూసి తోటి లెక్చరర్లు నవ్వుతారు. నేను కుర్చీ చూపించి, ఎప్పట్నుంచి, ఏ వేళకు వస్తోందని అడుగుతాను. కొందరు శుద్ధ అబద్ధం చెబుతారు, నాకు తెలుసు. పదిమంది నన్ను ఏమార్చినా సరే, పదకొండో పిల్ల మాత్రం నా ఎదుట దొంగలా నిలబడకూడదు.