దానమ్మ పేరు కింద ఇంకో పేరు

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు వింటేనే నాకు ఒళ్ళు మంట. చర్చిలో పెరిగినదాన్నే అయినా, పోయినవాళ్ళు కనిపించారని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు కూడా అలాంటిదేదో జరిగిందని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు పెర్త్‌లో మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నాను. కానింగ్ వేల్‌లో ముగ్గురు అమ్మాయిలం ఒక ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళం. వారానికి మూడు రోజులు అక్కడే ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి వెళ్ళేదాన్ని.

సిడ్నీలో, పెండిల్ హిల్‌లో ప్రభాకర్ అంకుల్ ఉంటారు. మా అమ్మకి మేనమామ కొడుకు. భీమవరం వైపు ఉన్న మా కుటుంబం మొత్తాన్ని ఆయన ఒక వెబ్‌సైట్‌లో ఎక్కించి, క్రిస్మస్‌కి పుస్తకంగా అచ్చు వేయిస్తానని అందరికీ లింక్ పంపారు. తప్పులు ఎవరైనా దిద్దవచ్చు. ఉంచాలా తీసేయాలా అన్నది మాత్రం ఆయన ఇష్టం.

లింక్ తెరిచి అమ్మ ఏడ్చింది. అందులో దానమ్మ లేదు. దానమ్మ మా అమ్మమ్మకి అక్క. పిల్లలు పుట్టలేదని అత్తవారు పంపించేస్తే పుట్టింటికి వచ్చేసింది. చిన్నప్పుడే తల్లి పోయిన మా అమ్మని పెంచి పెద్ద చేసింది ఆవిడే. గొడ్రాలు అనే మాట బతికినన్నాళ్ళూ పడింది.

"పెద్దమ్మ పేరు లేని పుస్తకం నాకెందుకే" అంది అమ్మ ఫోన్‌లో.

నేను దానమ్మ పేరు ఎక్కించాను. రెండు రోజులకి పోయింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ పోయింది. మూడోసారి కూడా తీసేశాక అంకుల్‌కి ఫోన్ చేశాను.

"ఆవిడకి నో ఇష్యూ కదమ్మా. పిల్లల్లేనోళ్ళని పెడితే లైన్ అక్కడే ఆగిపోద్ది. బుక్ ఫార్మాట్ పాడైపోద్ది" అన్నారు, ఎంతో ఓపికగా.

నా కోపం నషాళానికి అంటింది. పెళ్ళే చేసుకోని అంకుల్ వాళ్ళ చిన్నాన్న ఫోటోతో సహా అందులో ఉన్నాడు. ఆయన దగ్గర ఆగని లైను ఆడమనిషి దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయిందా? అదే అడిగాను. ఆయన మీటింగ్ ఉందని పెట్టేశారు.

ఆ వారంలోనే మంగళవారం నాకు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా డ్యూటీ. గోడౌన్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. లాకర్‌లో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకోవాలి. నా లాప్‌టాప్ అప్పటికి వారం నుంచి రిపేరు షాపులో ఉంది.

డ్యూటీ దిగి ఫోన్ తీస్తే అంకుల్ నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే హలో కూడా అనలేదు.

"సువార్త అన్న పేరు నీకెవరు చెప్పారు?"

నాకు ఏమీ అర్థం కాలేదు. వెబ్‌సైట్ తెరిచాను. దానమ్మ పేరు మళ్ళీ వచ్చి ఉంది. దాని కింద ఒక బిడ్డ. సువార్త, ఆడపిల్ల, బతికింది తొమ్మిది రోజులు. సమాధి ఉన్న చోటు దగ్గర "గోడ అవతల" అని ఉంది.

మార్చినవారు అన్న చోట నా పేరే ఉంది. టైము ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలు. ఆ టైముకి నేను నలుగురితో కలిసి ట్రక్కు ఖాళీ చేస్తున్నాను. సిడ్నీ టైమేమోనని లెక్కేసి చూశాను. అలా చూసినా నేను డ్యూటీలోనే ఉన్నాను. పాస్‌వర్డ్ ఇంకెవరికీ తెలియదు. నా అకౌంటు తెరిచిన ఫోన్ల జాబితాలో ఉన్నది ఒక్క నా ఫోనే.

అదంతా అంకుల్‌కి చెప్పాను. అప్పుడాయన, వాళ్ళ అమ్మ పోయేముందు తనకి ఒక్కడికే చెప్పిందని ఒప్పుకున్నారు. దానమ్మకి పుట్టింట్లోనే ఒక పాప పుట్టి, బాప్తిస్మం ఇవ్వకముందే పోయింది. అందుకని చర్చి పుస్తకంలో పేరు రాయలేదు, సమాధుల తోటలో చోటివ్వలేదు. గోడ అవతల పాతిపెట్టారు. తొమ్మిది రోజుల పిల్ల ఏం పాపం చేసిందో నాకు తెలియదు. అత్తవారు ఆ సంగతి దాచేసి, పిల్లలే పుట్టలేదని చెప్పి ఆవిడని వదిలించుకున్నారు.

వెంటనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"సమాధుల పండక్కి అందరం సున్నాలేసి, కొవ్వొత్తులు పెట్టేవాళ్ళం. పెద్దమ్మ ఒకటి పట్టుకెళ్ళి గోడ అవతల ముళ్ళకంపల్లో పెట్టేది. మతి చెడిందని అందరూ నవ్వేవోళ్ళు" అంది. "నేనూ నవ్వానే."

పాప పుట్టిన మాట అమ్మకే తెలియదు. ఇక నాకెలా తెలుస్తుంది?

అంకుల్ ఈసారి ఏదీ తీసేయలేదు. పుస్తకంలో రెండు పేర్లూ అచ్చయ్యాయి. అవి ఎవరు ఎక్కించారో నాకు ఈ రోజుకీ తెలియదు, ఎంత ఆలోచించినా తెగలేదు. కానీ ఆ పాప సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి, తెలిసి తెలిసి "నో ఇష్యూ" అన్నాడు. ఏటా క్రిస్మస్‌కి ఆయన దగ్గరనుంచి కార్డు వస్తుంది. నేను తిరిగి పంపను.