బెత్తెడు మొగ్గు

పొద్దెక్కుతోంది. సముద్రం మీంచి తడిగాలి కొడుతోంది. వాన పడాలా వద్దా అన్నట్టు మబ్బు రేవు మీదే వేలాడుతోంది. కూలి యోయెజెరు కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

యాఫో రేవులో మూటలు మోసేవాళ్ళకి ఆఖరి మూట ఓడెక్కాకే రొట్టె. ఎక్కాలంటే తూకం ముగియాలి. ఆ తూకమేమో హిల్కియా చేతిలో ఉంది.

"మామా, ఆ తూకం రాయిని ఇంకెంత తుడుస్తావు? పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

"దుమ్ము కూడా బరువేరా యోయెజెరూ. ఊరుకో."

హిల్కియా పొట్టిమనిషి. ఎప్పుడూ ఒక భుజం కిందికి వంగి ఉండేది. త్రాసుని చూసీ చూసీ అలా అయ్యాడని కూలీలు నవ్వేవాళ్ళు. ఆయన రాళ్ళతో తప్ప తూచడు, ఇనుము అరుగుతుందంటాడు. పెచ్చు లేచిన రాయిని తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి కూడా ఇంట్లో ఉంచడు. తప్పుడు రాయి గడప లోపల ఉండకూడదని తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తాడు. "మా ఆయన విసిరిన రాళ్ళతో ఇంకో రేవు కట్టొచ్చు" అనేది భార్య షెలమ్‌సియోను.

ఇక ఆయన తూకంలో సరుకు తట్ట బెత్తెడు కిందికి దిగాల్సిందే. కొనేవాడి వైపు మొగ్గు ఉండాలి, అది ధర్మం. కూలీలకి రొట్టెలు తూచినా అంతే. పైన ఒక ముక్క కొసరు పడేది. అందుకే ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఎవరూ ఆయన్ని వదులుకోరు.

ఆ రోజు రోము ఓడ వచ్చింది. సరుకు చూసుకునే ప్రిస్కుసు తన తూనికకర్ర తెచ్చాడు. దానికి ఒక కొక్కెం, పొడుగాటి కడ్డీ, కడ్డీ మీద జరిగే గుండు. వాళ్ళ లెక్క లీత్రాల్లో, మన లెక్క మినాల్లో. మినాకి రెండున్నర లీత్రాలని రేవులో అందరికీ తెలుసు. హిల్కియా ఉన్నిమూట తూచి, "ఇరవై మినాలు" అని చెక్కబిళ్ళ కట్టాడు. అంటే యాభై లీత్రాలు. ప్రిస్కుసు కొక్కానికి తగిలించాడు. యాభై ఒకటి దాటింది. ఇంకో మూట పెట్టినా అంతే. మూడోదీ అంతే.

"ఏయ్ ముసలోడా, నీకు లెక్క రాదా?"

"వస్తుంది నాయనా. రెండున్నర."

"మరి ఇదేంటి? ఎక్కువుంది!"

"ఎక్కువుంటే ఏడుస్తావేం? నీకేగా లాభం!"

"లాభమా! బిళ్ళ మీద ఒకటి, మూటలో ఒకటి ఉంటే అవతలి రేవులో సుంకంవాడు దాచిన సరుకంటాడు. లెక్క కలిసేదాకా ఒక్క మూట ఎక్కనివ్వను. దొంగల్ని చాలామందిని చూశాను గానీ, ఎదురు సరుకిచ్చే దొంగని ఇప్పుడే చూస్తున్నా!"

కూలీలు గొల్లుమన్నారు. యోయెజెరుకి నవ్వు రాలేదు. మూటలు నేల మీద, రొట్టెలు గంపలో, తన ప్రాణం గొంతులో.

"మామా, నీ కాళ్ళు పట్టుకుంటా. ముల్లు నిటారుగా నిలబెట్టు. తిని చస్తాం."

హిల్కియా ముఖం వాడిపోయింది. "నిటారుగానా? నలభై ఏళ్ళు కిందికి దింపిన చెయ్యిరా ఇది. ఇప్పుడు కొనేవాడికి కొసరు ఎగ్గొట్టమంటావా? ఇంటికెళ్ళి షెలమ్‌సియోనుకి ఏ ముఖం చూపించను?"

ఆయన మూటని మళ్ళీ తన తట్టలో పెట్టి, అందులోంచి పిడికెడు ఉన్ని పీకాడు. ముల్లు నిటారుగా నిలిచింది. ప్రిస్కుసు కర్ర మీద గుండు సరిగ్గా యాభై దగ్గర ఆగింది. పీకిన ఉన్ని ఒక సంచిలో వేశాడు. మూట మూటకీ పిడికెడు.

"ఇదేం చేసుకోను?" అన్నాడు ప్రిస్కుసు, సంచి అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నీ మొగ్గు అది. బిళ్ళ లేదు, లెక్క లేదు. తలకింద పెట్టుకుని పడుకో."

పడుకున్నాడు! ఆ తర్వాత వచ్చిన ప్రతి ఓడవాడూ దిగీ దిగగానే అడిగేవాడు: "తలగడ ముసలాయన ఏడీ?" హిల్కియా భుజం ఇంకాస్త వంగింది, గర్వంతో.

వానలు వెళ్ళాక రేవుకి కొత్త అధికారి వచ్చాడు. త్రాసు దగ్గర నిలబడి చెప్పాడు: "ఇకమీదట ముల్లు నిటారుగా ఉండాలి. సంచులూ గించులూ వద్దు. ఏ తట్టా మొగ్గకూడదు."

"మామా, ఏదో ఒకటి చెప్పు" అని యోయెజెరు మోచేత్తో పొడిచాడు.

హిల్కియా ఒక్కొక్క రాయినీ తుడిచి వరసలో పెట్టాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఇంటికి తాళం. త్రాసు మాత్రం చూరుకి వేలాడుతోంది. ఒక తట్ట ఖాళీ. రెండోదాంట్లో కొంచెం ఉన్ని ఉంది. అది బెత్తెడు కిందికి దిగి ఉంది.

ఆ రోజు అధికారి మనిషి తూచాడు, తూకం చకచకా అయిపోయింది. రొట్టె తొందరగానే చేతికొచ్చింది. యోయెజెరు దాన్ని అరచేతిలో ఎగరేసి చూశాడు. పైన ముక్క లేదు.